వానపాము చావలేదు సరే, పిల్లల్ని పెట్టిందా?

(తిరుపతి, చిత్తూరు ప్రాంత కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పజెప్పిన విషయం మట్టి. అందులోనూ నేను వానపాము గురించే మాట్లాడతాను. మన పెద్దోళ్ళు ఎర్ర అనేవాళ్ళు. టమోటా ధర, ఎండిన బోర్లు, మామిడి కాయ రేటు ఇన్ని ఉండగా ఎర్రల పురాణం ఏందప్పా అని కొందరికి అనిపించొచ్చు. కొంచెం ఓపిక పట్టండి, బోరు దగ్గరికీ వస్తాను, మామిడి దగ్గరికీ వస్తాను.

ముందు మందు డబ్బా చూద్దాం. ప్రతి డబ్బా మీదా రంగు త్రిభుజం ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. 1971 నాటి పురుగుమందుల నియమాల్లో పెట్టిన గుర్తు అది. ఆ రంగు ఎట్లా ఇస్తారు? ఎలుకల్లాంటి జంతువులకు మందు పెట్టి, అందులో సగం చావడానికి కిలో శరీర బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూస్తారు. నోటి ద్వారా 50 లోపే చస్తే ఎరుపు. 5000 దాటినా సగం చావకపోతే ఆకుపచ్చ. మందు కొట్టే మనిషి ప్రాణానికి ఆ గుర్తు కావాల్సిందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అంగట్లో "ఇది పచ్చ గుర్తు మందు, ఏం కాదు, తీసుకో" అంటారు చూడండి, ఆ మాట మట్టికి వర్తించదు. ఆ రంగు మట్టిలో బతికేదాన్ని అడిగి వేసింది కాదు.

మనందరికీ తెలిసిన మందునే తీసుకుందాం. కార్బెండజిమ్. బావిస్టిన్ అంటే ఇంకా బాగా తెలుస్తుంది. చెనిక్కాయ విత్తనానికి పట్టిస్తాం, తిక్కాకు మచ్చకు కొడతాం, మామిడికి కొడతాం, టమోటాకు చెప్పనక్కరే లేదు. విడిగానూ దొరుకుతుంది, మాంకోజెబ్‌తో కలిపిన పొడిగానూ దొరుకుతుంది. ఎలుకల లెక్కలో ఇది చాలా తక్కువ విషం.

ఇప్పుడు వానపాముల లెక్క వినండి. రసాయనాలను పరీక్షించడానికి ప్రపంచ దేశాలు పాటించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ వాటిని అచ్చు వేస్తుంది. వానపాముల మీద వాళ్ళ మొదటి పద్ధతి 1984లో వచ్చింది, నంబరు 207. మందు కలిపిన మట్టిలో వానపాముల్ని వదిలి 14 రోజుల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం. అంతే. పద్నాలుగో రోజుకు కదులుతా ఉంటే బతికినట్టే.

2004లో రెండో పద్ధతి వచ్చింది, నంబరు 222. ఇది 56 రోజుల పరీక్ష. ఒక్కో పాత్రలో పది పెద్ద వానపాములు వేస్తారు. పెద్దవి అంటే ఒంటి మీద ఉబ్బెత్తుగా పట్టీ ఉన్నవి. పట్టీ వచ్చిందంటే ఈడుకొచ్చిందని అర్థం, గుడ్ల సంచి తయారయ్యేది ఆ పట్టీ నుంచే. తినడానికి పేడ పెడతారు. నాలుగు వారాల తర్వాత పెద్దవాటిని ఏరి తీసేస్తారు. అవి పెట్టిన సంచులు మట్టిలోనే ఉంటాయి. ఇంకో నాలుగు వారాలు ఆగి, పాత్రను వేడి నీళ్ళలో ఉంచుతారు. వేడికి పిల్లలు పైకి వస్తాయి. అప్పుడు లెక్క. మందు లేని పాత్రలో పదింటికి కనీసం 30 పిల్లలు రాకపోతే ఆ పరీక్షే చెల్లదు.

ఈ పరీక్ష చేసే ల్యాబు తన వానపాములు, తన పద్ధతి సరిగ్గా ఉన్నాయో లేదో మధ్యమధ్యలో చూసుకోవాలి. అందుకు, పిల్లల్ని తప్పకుండా తగ్గిస్తుందని ముందే రుజువైన మందు ఒకటి కావాలి. తూకానికి పడికట్టు రాయి లాగా. ఆ పడికట్టు రాయిగా ఓఈసీడీ పద్ధతి చెప్పిన మందు ఏమిటో తెలుసా? కార్బెండజిమ్. కిలో మట్టిలో 1 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్య పిల్లల సంఖ్య స్పష్టంగా పడిపోవాలి, పడకపోతే నీ ల్యాబులోనే ఏదో తేడా ఉందని రాసిపెట్టారు. మనకు పచ్చ గుర్తుతో అమ్మే మందు, వానపాముల పరీక్షలో విషానికి కొలబద్ద.

ఇంగ్లండులో గోల్ఫ్ ఆడే పచ్చిక మైదానాల్లో వానపాములు మట్టి కుప్పలు పెడితే బంతి సరిగ్గా పోదని, వాటిని వదిలించుకోవడానికి కొన్నేళ్ళ కిందటి దాకా ఇదే కార్బెండజిమ్ చల్లేవాళ్ళు. వాళ్ళు వానపాములు పోవాలని కొన్నారు. మనం తెగులు పోవాలని కొంటున్నాం. డబ్బాలో ఉన్నది ఒకటే.

ఎందుకు అట్లా జరుగుతుందంటే, ఈ మందు శిలీంధ్రం కణాలు రెండుగా చీలకుండా అడ్డుకుంటుంది. తెగులు ఆగేది అందుకే. వానపాములో వీర్యకణాలు తయారు కావాలన్నా కణాలు చీలాల్సిందే. పైకి పాము బాగానే పాకుతుంది, పేడ తింటుంది. సంతానం మాత్రం ఉండదు, లేదా తగ్గిపోతుంది. 14 రోజుల పరీక్షకు ఇది కనపడదు.

మన పడమటి మండలాల్లో కొన్ని పల్లెలు చూడండి. రచ్చబండ నిండా మనుషులు ఉంటారు. పింఛను రోజున వరస ఉంటుంది. బడికి పోతే పిల్లోళ్ళు లేరు, బెంగళూరు పోయినారు, బడి మూసేసినారు. ఊరు బతికే ఉందని రాసుకుని పోయే అధికారి లెక్క, ఆ 14 రోజుల లెక్క ఒకటే.

సరే, మన చేన్లో ఆ 1 మిల్లీగ్రాము దాకా పోతుందా? ఇది న్యాయమైన ప్రశ్న. లెక్క వేద్దాం, కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. ఎకరాకు 200 గ్రాముల పొడి కొట్టామనుకుందాం. 50 శాతం పొడి కాబట్టి అసలు మందు 100 గ్రాములు. ఎకరా మట్టి పై రెండు అంగుళాలు సుమారు 3 లక్షల కిలోలు తూగుతుంది. మందంతా నేలకే దిగి, ఆ రెండు అంగుళాల్లో సమంగా కలిసిందనుకుంటే కిలోకు 0.33 మిల్లీగ్రాము. అంటే ఒక్కసారి కొడితే కొలబద్దలో మూడో వంతు. ఆకు మీద నిలిచింది పోతే ఇంకా తక్కువ. కాబట్టి ఒక్కసారి కొట్టగానే వానపాములన్నీ గొడ్రాళ్ళు అయిపోతాయని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

కానీ మందు రెండు అంగుళాల్లో సమంగా కలవదు, పైపైనే ఉంటుంది. పై అర అంగుళంలోనే ఉంటే లెక్క నాలుగింతలై 1 దాటుతుంది. రాలిన ఆకు, కసువు తినడానికి వానపాము వచ్చేది ఆ పై పొరకే. రెండోది, ఈ మందు తొందరగా కరిగిపోయేది కాదు. ఏమీ మొలవని నేలలో సగానికి తగ్గడానికే ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం చెప్తుంది. ఖరీఫ్‌లో కొట్టింది పూర్తిగా పోకముందే రబీది పడుతుంది. ఒక పంటకు రెండు మూడు సార్లు, విత్తనానికి పట్టించింది వేరే. మదనపల్లె వైపు టమోటా వేసే అన్నలు తమ కొట్టుడు ఎన్నిసార్లో తామే లెక్క వేసుకోండి, నేను చెప్పను.

ఇంకో చిక్కు ఉంది. ల్యాబు పరీక్ష జరిగేది 20 డిగ్రీల చల్లదనంలో. మట్టి కూడా తయారు చేసిన మట్టి: ఇసుక, తెల్ల బంకమన్ను, పది శాతం దాకా పీట్ అనే కుళ్ళిన నాచు. పీట్ సేంద్రియ పదార్థం, మందును పట్టి ఉంచుతుంది. వానపాముకు తగిలేది ఆ మేరకు తగ్గుతుంది. మన ఎర్ర గరప నేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం ఉంటే గొప్ప. పట్టి ఉంచేది లేదు. అందులో వాడే వానపాము కూడా ఐసీనియా అనే పెంటదిబ్బ పాము, వర్మీకంపోస్టు తొట్లలో ఉండేది. మన చేన్లలో ఉండేవి వేరే రకాలు, దక్షిణ దేశంలో లాంపిటో మారీషి అనేది ఎక్కువ. ఒడిశాలో సంబల్పూర్ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి వరి మళ్ళలో ఉండే డ్రావిడా విల్సీ అనే పామునే తీసుకుని, మలాథియాన్ వల్ల దాని పెరుగుదల, సంతానం ఏమవుతాయో పరీక్షించి 1999లో ప్రచురించారు. అట్లా మన పాముతో, మన మట్టితో చేసేదే మనకు పనికొచ్చే పరీక్ష. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ధరణి, నారాయణి లాంటి చెనిక్కాయ రకాలు ఇచ్చింది వాళ్ళే. పక్కనే వ్యవసాయ కళాశాల, జంతుశాస్త్ర విభాగం ఉన్న వెంకటేశ్వర విశ్వవిద్యాలయం. ఒకే ఊర్లో ఇన్ని ఉన్నాయి. అడగాల్సింది మనం.

ఇప్పుడు బోరు సంగతి. వెయ్యి అడుగులు దించినా తడి తగలని బోర్లు మన జిల్లాలో కొత్త కాదు. ఎర్ర నేల మీద వాన పడితే పైన పొర కట్టి, నీళ్ళు వంకలోకి పారిపోతాయి. వానపాము తవ్విన బొరియ నీటికి దారి. ఎకరాలో వేల బొరియలు ఉంటే ఆ వాన ఎక్కడికి పోతుందో చూసుకోండి. చెక్‌డ్యాముకు బిల్లు పెడతారు, దీనికి బిల్లు లేదు కాబట్టి ఎవరికీ పట్టదు. 2015లో మొదలుపెట్టిన భూసార కార్డులో 12 అంశాలు రాస్తారు: నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక ఇట్లా. ఆ పన్నెండింట్లో ప్రాణం ఉన్నది ఒక్కటీ లేదు.

మామిడి దగ్గరికి వస్తాను అన్నాను. మన గుజ్జు కొనే దేశాలు అందులో మందు అవశేషం ఎంతుందో చూసి తీసుకుంటాయి. ఐరోపాలో కార్బెండజిమ్‌కు అనుమతి 2014 చివరితో ముగిసింది. పురుగుమందులు నమోదు చేయడానికి 2013లో వాళ్ళు పెట్టిన నియమాల్లో వానపాము చచ్చిందా అనే పరీక్షను పక్కన పెట్టి, పిల్లల పరీక్షే అడుగుతున్నారు. ఇక్కడ 2020 మే నెలలో కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది, కార్బెండజిమ్ ఆ జాబితాలో ఉంది. 2023 ఉత్తర్వులో మాత్రం దాని పేరు రాలేదు. గుజ్జు శుభ్రంగా ఉందా అని వాళ్ళ రేవుల్లో చూస్తారు. ఆ గుజ్జు పుట్టిన తోటలో మట్టిని ఎవరు చూస్తారు?

రేపటి నుంచి మందులన్నీ పారేయండి అని నేను చెప్పడం లేదు. కౌలుకు చేసే తమ్ముడు తెగులు వచ్చిన చేను ముందు నిలబడి ఉంటే వానపాము కథ చెప్పడం అన్యాయం. అడగాల్సింది కంపెనీని, ప్రభుత్వాన్ని: ప్రతి మందుకూ 56 రోజుల పరీక్ష ఫలితం బయటపెట్టాలి, ఆ అంకె తెలుగులో డబ్బా మీద ఉండాలి, మన ఎర్ర నేలల్లో తిరుపతిలోనే పరీక్ష జరగాలి. ఈ మూడూ వచ్చే వినతిపత్రంలో పెడదాం.

అడగడానికి పోయేటప్పుడు చేతిలో మన లెక్క కూడా ఉండాలి. ఈశాన్య రుతుపవనం వానలు పడిన రెండు మూడు రోజులకు, పొద్దున్నే, చేన్లో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీయండి. మట్టిని గోతాం మీద పోసి చేత్తో ఏరండి. పట్టీ ఉన్న పెద్దవి ఎన్ని, పట్టీ లేని చిన్నవి ఎన్ని, విడివిడిగా రాయండి. మొత్తం కంటే ఆ రెండో అంకె ముఖ్యం. చేనికి నాలుగైదు గుంటలు, మందు తగలని గెనిమ మీదో, బీట్లోనో అన్నే గుంటలు.

ఇంకా ఓపిక ఉన్నవాళ్ళు రెండు కుండలు పెట్టండి. ఒక దాంట్లో మందు కొట్టిన చేని మట్టి, ఇంకోదాంట్లో అదే రకం కొట్టని మట్టి. చెరి పది పట్టీ ఉన్న వానపాములు వర్మీ తొట్టి నుంచి తెచ్చి వేయండి. నీడలో పెట్టి, పైన తడి గోనె కప్పండి. మట్టి పిడికిట్లో ఉండ కట్టాలి, నీళ్ళు కారకూడదు. వారానికి ఒకసారి రెండింటికీ సమంగా పేడ. నట్టల మందు తాపిన గొడ్డు పేడ మాత్రం వద్దు. ఆల్బెండజోల్ కూడా కార్బెండజిమ్ వంశమే, లెక్క చెడిపోతుంది. 28వ రోజు పెద్దవాటిని తీసేయండి, 56వ రోజు మట్టిని తెల్ల పళ్ళెంలో పలచగా పరిచి పిల్లల్ని లెక్కపెట్టండి. దారప్పోగు అంత సన్నగా ఉంటాయి, కంటి చూపు బాగున్న పిల్లోళ్ళను కూర్చోబెట్టుకోండి.

ఇది ల్యాబు పరీక్ష కాదు. రెండు కుండల్లో తేడా వస్తే అది మందు వల్లే అని దీంతో తేల్చలేం. అందుకే ఒకరు చేస్తే చాలదు, ఒక్కో ఊర్లో అయిదారు మంది చేయాలి. తేదీ, సర్వే నంబరు, పంట, గడిచిన రెండేళ్ళలో కొట్టిన మందుల పేర్లు, ఎన్నిసార్లు, ఇవన్నీ పక్కన రాయండి. కాగితాలు సంక్రాంతి లోపల మండల కార్యదర్శికి ఇస్తే అన్నీ కలిపి పరిశోధనా స్థానానికి మనమే తీసుకుపోదాం.