రోకలిబండ కొవ్వులో ఏముంది?

ఎవరి స్మృతిలో మనం కూడామో ఆ మాస్టారు కత్తెర, సూది చేతిలో లేకుండా పాఠం చెప్పేవారు కారు. అందుకే ఆయన పేరిట పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా ఒక చిన్న కణజాలం గురించి మాట్లాడదలచుకున్నాను.

తొలకరి పడగానే పెరళ్లలో, పొలం గట్ల మీద రోకలిబండలు బయటపడతాయి. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటాయి. కొన్ని జాతులు వదిలే రసంలో క్వినోన్లుంటాయి. వేళ్లకంటిన ఆ గోధుమరంగు మరక సబ్బుకు ఓ పట్టాన లొంగదు. ఇంత తేలిగ్గా దొరికే ప్రాణి మన ప్రాక్టికల్స్‌లో ఎక్కువగా మ్యూజియం సీసాకే పరిమితం. కోతలు ఉన్న రోజుల్లో కూడా కోసింది బొద్దింకనే. మన పక్కనే మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.కృష్ణన్ థైరోపైగస్ ప్రజాతి రోకలిబండల మీద ఒక గ్రంథమే రాశారు. అది 1968లో వచ్చింది. ఆ దారిన నడిచినవాళ్లు మనలో తక్కువ.

పక్కల వెంబడి పెంకు కత్తిరించి పైభాగాన్ని మెల్లగా ఎత్తితే ముందు కంటపడేది పేగు కాదు, దాన్ని అల్లుకున్న తెల్లటి మెత్తని పోగులూ తమ్మెలూ. అదే కొవ్వు దేహం. చర్మం కిందుగా పరుచుకున్నది ఒక భాగం. పేగునూ ఇతర అవయవాలనూ చుట్టుకున్నది రెండోది. గట్టి ముద్దలా కాకుండా ఇలా పోగులుగా ఎందుకుంది? రోకలిబండది వివృత రక్తప్రసరణ. రక్తకేశనాళికలు లేవు. హీమోలింఫ్, అంటే దాని రక్తం, రక్తకుహరంలో పారుతూ అవయవాలను నేరుగా తడుపుతుంది. కణజాలం ఎంత పలచగా పరుచుకుంటే అంత ఎక్కువ కణాలకు ఆ ద్రవం అందుతుంది.

ఇక స్లైడు దగ్గర చాలామంది మోసపోతారు. మైనంలో పొదిగి కోసిన కణజాలంలో కణాల నిండా ఖాళీ గుంతలే కనిపిస్తాయి. అవి ఖాళీలు కావు. ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించి పట్టుకుపోగా మిగిలిన జాగాలు. కొవ్వునే చూడాలంటే గడ్డకట్టించి కోసి సూడాన్ బ్లాక్ వేయాలి. పీఏఎస్ రంజకం వేస్తే గ్లైకోజన్ ముదురు గులాబీరంగు తేలుతుంది. బ్రోమోఫినాల్ బ్లూతో ప్రోటీన్ రేణువులు నీలంగా కనిపిస్తాయి. మన కొవ్వు కణంలో ఒకే పెద్ద బొట్టు కేంద్రకాన్ని అంచుకు నెట్టేస్తుంది. ఇక్కడ చిన్నా పెద్దా బొట్లు అనేకం, వాటి సందున నలిగిన కేంద్రకం. ఈ కణాల మధ్య అక్కడక్కడ ఈనోసైట్లనే వేరే రకం కణాలు ఉంటాయి.

కొవ్వు, పిండి, మాంసకృత్తులు మూడూ ఒకే చోట ఉన్నాయంటే ఇది గాదె అనిపిస్తుంది. గాదె అంటే సగమే చెప్పినట్టు. కుబుసం విడిచేటప్పుడు రోకలిబండ మట్టిలో చిన్న గది చేసుకుని, మేత లేకుండా అందులోనే ఉండిపోతుంది. అప్పుడు నిలవలు ఖర్చుకావాల్సిందే. కానీ ఇదే కణజాలంలో యూరిక్ ఆమ్లం కూడా పేరుకుంటుంది. విసర్జనకు మాల్పీజియన్ నాళికలు ఒక్క జతే ఉన్న ప్రాణికి వ్యర్థాన్ని కరగని రూపంలో పక్కన పెట్టుకోవడం పెద్ద వెసులుబాటు. నిలవచేయడంలో, పదార్థాల మార్పిడిలో మన కాలేయాన్నీ, వ్యర్థాల విషయంలో మూత్రపిండాన్నీ తలపించే కణజాలాన్ని ‘కొవ్వు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఈ కణజాలంలో అన్నిటికంటే ఆసక్తికరమైనవి ఖనిజ గుళికలు. బ్రెజిల్‌లోని రియో క్లారోలో, సావో పాలో రాష్ట్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కార్మెమ్ ఫొంటానెట్టి బృందం రైనోక్రికస్ పాడ్‌బెర్గి అనే రోకలిబండను ఏళ్ల తరబడి పరిశీలించింది. 2000లో దాని కొవ్వు దేహం, ఈనోసైట్ల సూక్ష్మనిర్మాణం మీద, 2006లో ఈ ఖనిజ గుళికల మీద వ్యాసాలు వెలువడ్డాయి. ఆ తర్వాత మురుగు బురద వంటివి కలిసిన మట్టిలో ఈ ప్రాణులను ఉంచి, మధ్యాంత్రంలోనూ దాని చుట్టూ ఉన్న కొవ్వు దేహంలోనూ వచ్చే మార్పులు చూశారు. రాలిన ఆకులు, వాటితోపాటు మట్టి తిని బతికే జీవి గనుక నేలలో కలిసిన విషం నేరుగా దాని పేగుకే చేరుతుంది. ప్రాణి చావకముందే కణజాలంలో తేడా పట్టుబడుతుంది. చచ్చిన ప్రాణుల లెక్క తీసుకోవడం కంటే ఇది మేలైన పరీక్ష అని నా అభిప్రాయం.

మన పరిశ్రమల వాడల పక్క నేలలకు ఈ పరీక్ష చేయడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మైక్రోటోమ్, నాలుగు రంజకాలు, మంచి మైక్రోస్కోపు ఉన్న డిగ్రీ కళాశాల చాలు. పోల్చిచూడటానికి శుభ్రమైన నేలలో పెరిగిన అదే జాతి ప్రాణులను తప్పకుండా పక్కన పెట్టుకోవాలి.

విద్యార్థులకు ఒక విన్నపం. కొవ్వు దేహం తీసుకున్నాక మిగతా శరీరాన్ని పారేయకండి. మగదైతే ఏడో వలయం దగ్గర గోనోపాడ్లు, అంటే సంయోగానికి వీలుగా మారిన కాళ్లు, ఉంటాయి. జాతిని తేల్చేది ప్రధానంగా అవే. ఆ భాగాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, చోటు, తేదీ రాసిన చీటీ సీసాలోనే ఉంచండి. ఏ జాతిదో తెలియని స్లైడు ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు పనికిరాదు.