విడిపోయాకే కుదిరిన కలయిక

విడిపోతే ఒంటరైపోతారని పెద్ద రాజ్యాలు చిన్న జాతులను బెదిరించడం మనం వింటూనే ఉన్నాం. ఆ బెదిరింపులో నిజమెంతో బాల్టిక్ తీరంలో చూద్దాం.

ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలను 1940లో సోవియట్ యూనియన్ బలవంతంగా కలుపుకుంది. 1989 ఆగస్టు 23న ఆ మూడు దేశాల జనం, దాదాపు 20 లక్షల మంది, టాలిన్ నుంచి విల్నియస్ దాకా 600 కిలోమీటర్ల మానవహారం కట్టారు. 1991లో స్వాతంత్ర్యం సాధించారు. వాళ్లను ముందుగా గుర్తించింది ఏ అగ్రరాజ్యమో కాదు, అప్పటికి మూడు లక్షల జనం కూడా లేని ఐస్‌లాండ్!

మరి ఒంటరయ్యారా? లేదు. 1992 నుంచి డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్‌లతో కలిసి కూర్చుంటున్నారు. ఈ ఎనిమిది దేశాల కూటమిలో పెద్దన్న లేడు. సమన్వయ బాధ్యత ఏటా చేతులు మారుతుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి బోర్డులో ఎనిమిదింటికీ ఒకటే కుర్చీ.

ఫిన్లాండ్ నుంచి ఎస్టోనియాకు, స్వీడన్ నుంచి లిథువేనియాకు సముద్రం అడుగున కరెంటు కేబుళ్లు వేసుకున్నారు. 2024 డిసెంబరులో ఒక కేబుల్ దెబ్బతిన్నా వెనక్కి తగ్గలేదు. 2025 ఫిబ్రవరిలో రష్యా గ్రిడ్‌తో తెగదెంపులు చేసుకుని, పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌లో కలిశారు.

యాభై ఏళ్ల బలవంతపు ఐక్యత ఇవ్వని నమ్మకాన్ని ఇష్టపడి చేసిన స్నేహం ఇచ్చింది. మన ఇల్లు మనదైనప్పుడే పొరుగువాడి గుమ్మం తలెత్తుకుని తొక్కగలం.