కంప్యూటర్ కొన్నాక



వరంగల్‌లో ఒక పొదుపు సంఘం కంప్యూటర్ కొన్నదనుకుందాం. పొయ్యి కొన్నంత మాత్రాన కూర ఉడకదు. గిన్నె కూడా కావాలి. అట్లాగే కంప్యూటర్‌లో ఉత్తరం రాయాలన్నా, లెక్క వేయాలన్నా ఆఫీసు సాఫ్ట్‌వేర్ కావాలి.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అలాంటిదే. దాన్ని కంప్యూటర్‌లో వేసుకోవాలంటే పైసలు కట్టాలి. ఏటేటా కట్టేది ఒకటి. ఒకేసారి కట్టేది ఇంకొకటి.

"దొంగ కాపీ వేస్తాం" అని ఎవరన్నా అంటే వద్దనండి. అది చట్టం ప్రకారం తప్పు. దాని వెంట వైరస్ రావచ్చు. సంఘం లెక్కలు పోతే ఎవరు ఎంత కట్టారో ఎట్లా తెలుస్తుంది?

మరి దారి లేదా? ఉంది. దాని పేరు లిబ్రేఆఫీస్. 2010లో మొదలైంది. ఎన్నో దేశాల వాళ్లు కలిసి తయారు చేస్తున్నారు. పైసా కట్టనక్కర లేదు. పక్క సంఘానికీ ఇవ్వవచ్చు. అందులో రైటర్ ఉత్తరానికి, కాల్క్ లెక్కలకు. తెలుగులోనూ పెట్టుకోవచ్చు. దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి.

కొనే ముందే దుకాణంలో అడగండి. "ఇందులో ఏ ఆఫీస్ ఉంది? బిల్లులో రాశారా? మళ్లీ పైసలు కట్టాలా?" సిగ్గుపడొద్దు. బిల్లు చదివాకే పైసలివ్వండి. అక్షరాలు నేర్చింది అందుకే కదా!