కొండ యెక్కుట - ఇల్లు చేరుట



హనుమంతునిపాడు సీమకు కొండలు క్రొత్త కావు. పడమట వెలికొండలు, వాటికావల నల్లమల, చేరువలో కనిగిరి దుర్గము. పసులు మేపువారును, కట్టెలకు పోవువారును పూర్వము నుండి ఈ కొండలెక్కి దిగినవారే. అయితే ఏ పనియు లేక కేవలము శిఖరము చేరుటకే కొండ యెక్కు మనుష్యుని చూచినపుడు పల్లెలో మొదట పుట్టు ప్రశ్న ఒక్కటే: "అక్కడ ఏమున్నదని?" ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. కొండపై ఒక్క అడుగు జారినచో ఒక యింటి దీపము ఆరిపోవును. కావున శిఖరారోహణమును గూర్చి పలుకువారు ఎక్కుటను గూర్చి ఎంత చెప్పుదురో, దిగుటను గూర్చియు అంత చెప్పవలసి యున్నది.

తెలుగువారు దేవుని కొరకు కొండలెక్కిరి. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు కలవు. శివరాత్రికి నల్లమల అడవిలో కాలినడకన శ్రీశైలము చేరుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. 14వ శతాబ్దమున అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు కట్టించినట్లు చరిత్ర చెప్పుచున్నది. ఆ రాజు శిఖరమునకు దూరము నుండి మ్రొక్కి ఊరకుండలేదు. ఎక్కువాడు సుఖముగా ఎక్కి, క్షేమముగా దిగి, తన ఊరు చేరుటకు దారి వేయించెను. కొండను గూర్చిన మొదటి పాఠము ఆ మెట్లలోనే యున్నది.

ఇదే పాఠమును మరియొక విధముగా నేర్చిన దేశము ఐరోపా ఖండమునకు ఉత్తరపు కొసన కలదు. అది నార్వే. పూర్వము మహా హిమనదములు కొండల నడుమ లోయలను లోతుగా తొలిచివేసినవి. మంచు కరిగి వెనుకకు తగ్గినపుడు ఆ లోయలలోనికి సముద్రము చొచ్చుకొని వచ్చెను. ఇట్లేర్పడిన ఇరుకైన సముద్రపు పాయలను అచ్చటివారు ఫియోర్డులందురు. సోగ్నె ఫియోర్డు అను పాయ పొడవు 204 కిలోమీటర్లు. లోతు 1,300 మీటర్లకు మించినది. నల్లమలలోని ఎత్తైన శిఖరము ఆ లోతుకు లోపే. దానిని తెచ్చి ఆ నీటిలో నిలిపినచో కొన యైనను పైకి కానరాదు! ఆ పాయల ఒడ్డుననే కొండలు గోడలవలె లేచి నిలిచియుండును. లీసె ఫియోర్డుపై ప్రేకెస్టోలెన్ అను చదునైన బండ నీటికి 604 మీటర్ల ఎత్తున కలదు. దానికి పోవు దారిలో రాళ్లు పేర్చి మెట్లు కట్టినవారిలో నేపాలు నుండి వచ్చిన షెర్పాలు కలరు. వేమారెడ్డి నాటి మెట్లకును, ఈ మెట్లకును నడుమ ఆరు వందల ఏండ్లకు పైబడిన కాలము కలదు. ఉద్దేశము మాత్రము ఒక్కటే.

నార్వేలో కొండ నడక సామాన్య ప్రజల అలవాటు. 1868లో స్థాపింపబడిన ఒక పర్యాటక సంఘము కొండదారుల వెంట రాళ్లపై ఎర్రరంగుతో గుర్తులు వేసి, నడచువారికి విశ్రాంతి గృహములు కట్టించెను. అనేక గృహములలో కావలివాడుండడు. బాటసారి తాళము తీసికొని లోనికి పోయి, అక్కడి సరకులతో వండుకొని తిని, వాడుకొనిన దానికి తానే లెక్క వ్రాసి పైకము చెల్లించును. పోవునపుడు అచ్చటి పుస్తకములో తన పేరును, తాను పోబోవు చోటును వ్రాయును. అతడు చేరవలసిన చోటు చేరనిచో వెదకువారికి ఆ వ్రాతయే ఆధారము.

ఇంత ఏర్పాటున్న దేశములోను ఆపదలు తప్పలేదు. 1967లో ఈస్టరు సెలవు దినములలో 18 మంది కొండలపై మరణించిరి. అటుపిమ్మట కొండ నడకకు సంబంధించిన కొన్ని నియమములు ఆ దేశమంతట ప్రచారమయ్యెను. పోవు దారిని ముందుగా యోచించి ఇతరులకు తెలుపుట, తన శక్తిని ఎరిగి దూరము నిర్ణయించుకొనుట, వాతావరణమును కనిపెట్టుట, పటమును దిక్సూచిని వెంట నుంచుకొనుట మొదలగునవి వానిలో కలవు. వానిలో ఒకటి మిగిలినవాని కన్న విలువైనది: సకాలమున వెనుకకు మరలవలెను, మరలుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. శిఖరములను ప్రేమించు జాతి తన బిడ్డలకు నేర్పు మాట ఇది!

ఇక మన సీమకు వత్తము. హనుమంతునిపాడు ప్రాంతమంతయు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ నెల్లూరు జిల్లా, సంగం మండలములోని గాంధీ జనసంఘము అను చిన్న గ్రామమున 1974లో మల్లి మస్తాన్ బాబు జన్మించెను. ఆయన విజయనగరము వద్ద నున్న కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. ఆ పాఠశాలలో ఒక విగ్రహము కలదు. అది ఆ పాఠశాలలోనే చదివి, 1985లో సైన్యమువారి ఎవరెస్టు యాత్రలో ప్రాణములు విడిచిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావుది. ఆ విగ్రహమును చూచి పల్లెటూరి బాలుడు కొండలను గూర్చి కలలు కనెను. పిమ్మట జంషెడ్‌పూరులో ఇంజనీరింగును, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో పై చదువును, కలకత్తాలో యాజమాన్య విద్యయు ముగించెను. చదువును విడిచి కొండలకు పోయినవాడు కాడు. చదువును చేతబట్టుకొని పోయినవాడు.

2006వ సంవత్సరమున ఆయన ఏడు ఖండములలోని ఏడు ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కెను. జనవరి 19, గురువారమున అంటార్కిటికాలోని విన్సన్; ఫిబ్రవరి 17, శుక్రవారమున దక్షిణ అమెరికాలోని అకొంకాగువా; మార్చి 15, బుధవారమున ఆఫ్రికాలోని కిలిమంజారో; ఏప్రిల్ 1, శనివారమున ఆస్ట్రేలియాలోని కోషియుస్కో; మే 21, ఆదివారమున ఎవరెస్టు; జూన్ 13, మంగళవారమున రష్యాలోని ఎల్బ్రుస్; జూలై 10, సోమవారమున అలాస్కాలోని డెనాలి. ఏడు ఖండములు, ఏడు శిఖరములు, వారములోని ఏడు దినములు! వీనిలో కోషియుస్కో 2,228 మీటర్లు మాత్రమే. ఎవరెస్టు 8,849 మీటర్లు. ఒకచోట గడ్డకట్టించు చలి, ఒకచోట ఊపిరాడని పలుచని గాలి. మంచును చూడని సీమలో పుట్టిన దేహము వీనినన్నిటిని ఓర్చినదనిన, దాని వెనుక ఎన్ని ఏండ్ల సాధన యుండెనో ఊహింపవచ్చును.

మరియొక ఉదాహరణము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామములో వ్యవసాయ కూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థినిగా నుండెను. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండక మునుపే, ఎవరెస్టు శిఖరమున నిలిచెను. ఆమెతో కూడ ఖమ్మము ప్రాంతపు విద్యార్థి ఆనంద్ కుమార్ శిఖరము చేరెను. ఆమె మొదటి పాఠములు హిమాలయములలో నేర్వలేదు. భువనగిరి కోటబండపై నేర్చెను. తరువాత డార్జిలింగులోను, లడఖులోను శిక్షణ జరిగెను. 2022 జూన్ నెలలో డెనాలిని ఎక్కి ఆమెయు ఏడు ఖండముల శిఖరములను పూర్తిచేసెను. దగ్గరి బండపై కాలు నిలుపుట నేర్వనివారికి దూరపు శిఖరము దక్కదు.

ఇప్పుడు బాధాకరమైన విషయము చెప్పవలసి యున్నది. 2015 మార్చి నెలలో మస్తాన్ బాబు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో, అర్జెంటీనా చిలీ దేశముల సరిహద్దున నున్న ట్రెస్ క్రూసెస్ శిఖరమునకు బయలుదేరెను. మార్చి 24వ తేదీన ఒంటరిగా పైకి పోయెను. వాతావరణము చెడెను. ఆయన తిరిగి రాలేదు. రెండు దేశములవారును వెదకిరి. ఏప్రిల్ ప్రథమ వారమున ఆయన దేహము మంచులో కనుపించెను. ఆ నెల చివరి భాగమున అది గాంధీ జనసంఘము చేరెను. ఏడు ఖండముల శిఖరములనుండి నడచి దిగి వచ్చిన బిడ్డ, ఈ మారు పెట్టెలో ఇల్లు చేరెను.

దీనిని విని కొందరు, "అందుకే కొండలు వలదనుట" అందురు. మరికొందరు, "వీరుడు అట్లే మరణింపవలెను" అందురు. రెండు మాటలును సరికావు. మొదటి మాటను నమ్మినచో కోరుకొండలోని విగ్రహమును చూచిన ఏ బాలుడును తల యెత్తడు. పూర్ణ వంటి బాలికలు గడప దాటరు. రెండవ మాటను నమ్మినచో తల్లుల కన్నీటికి విలువ లేకుండ పోవును. ఇంట కూర్చుండి ఆయన తప్పొప్పులు ఎంచుటయు తగదు. ఆయన జీవితము ఎక్కుట నేర్పినది. ఆయన మరణము, ఎంతటి నేర్పరికైనను కొండ చుట్టము కాదని తెలిపినది. ఈ రెండింటిని కలిపి గ్రహించినవారే ఆయనకు నిజమైన నివాళి అర్పించినవారగుదురు.

మన కొండలలో మంచు లేదు. కాని ఎండ కలదు. మెట్ట సీమ వేసవిలో బండ నిప్పుకణిక వలె కాగును. నీరు చాలక, వడదెబ్బ తగిలి పడిపోవుట మంచులో చిక్కుటకు తీసిపోని ఆపద. కావున తెల్లవారక మునుపే బయలుదేరి, ఎండ ముదరక మునుపే దిగవలెను. ప్రతివారును తమ నీరు తామే మోసికొని పోవలెను. ఉప్పు వేసిన మజ్జిగ యున్న మరింత మేలు. వానకాలమున తడిసిన బండను, పొంగిన వాగును నమ్మరాదు. నల్లమలలో పెద్దపులుల అభయారణ్యము కలదు. అటవీశాఖవారి అనుమతి లేక, దారి తెలిసినవారు తోడులేక అందు కాలిడరాదు. బయలుదేరునపుడే తిరుగు గడియ నిశ్చయించుకొనవలెను. ఆ గడియ వచ్చినపుడు శిఖరము పది బారల దూరమున నున్నను వెనుకకు మరలవలెను. కొండ ఎక్కడికిని పోదు. రేపును అచ్చటనే యుండును.

ఇరువది యైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఒక పద్ధతి నేర్పినది. పుస్తకము తీసికొని పోవువారు చిట్టాలో పేరును, తేదీని వ్రాయుదురు. గడువునకు రానిచో ఎవరో ఒకరు వారి యింటికి పోయి అడుగుదురు. నార్వే కొండలలోని విశ్రాంతి గృహపు పుస్తకమును ఇటువంటిదే. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయపు బల్లపై మరియొక చిన్న చిట్టా యుంచుట మేలు. కనిగిరి దుర్గమునకో, భైరవకోనకో, వెలికొండలకో పోవు యువకులును, బాలికలును అందులో తమ పేరు, పోవు దారి, తిరిగి వచ్చు వేళ వ్రాసి పోవలెను. వచ్చిన వెంటనే ఆ పేరున కెదురుగా గుర్తు పెట్టవలెను. దీపము పెట్టు వేళకు గుర్తు పడని పేరున్నచో ఊరు కదలవలెను.

ఒక చిట్టా, ఒక కలము - ఇంతకు మించిన వ్యయము లేదు. ఈ గ్రామము నుండి ఒకనాడు ఎవరైన హిమాలయ శిఖరమున నిలువవచ్చును. వారి పేరు లోకమంతయు వ్రాసికొనును. అయినను ఈ గ్రంథాలయపు చిట్టాలో, "తిరిగి వచ్చినారు" అని పడు చిన్న గుర్తే వారి తల్లిదండ్రులకు అన్నిటికన్న గొప్ప శిఖరము.