కుక్కపిల్లకు తొలి పాఠాలు

నెక్కొండ స్టేషన్‌లో రైలు కూయగానే మీ కొత్త కుక్కపిల్ల మంచం కిందికి దూరుతోందా? గద్దించకండి. పక్కన కూర్చుని రెండు ముద్దలు పెరుగన్నం పెట్టండి. కూతకూ తిండికీ ముడిపడితే భయం మెల్లగా పోతుంది.

నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక వాకిట్లోకి తీసుకెళ్లండి. బయట పని కానిచ్చిన మరుక్షణమే మెచ్చుకోండి. ఇంట్లో తడిపిందని కొడితే, ఈసారి మీ కంటపడకుండా ఏ మూలో పోస్తుంది.

నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడతాయి. చిగుళ్ల దురదకు చెప్పులు కొరుకుతుంది. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. ఇంటిల్లిపాదీ ఒకే పేరుతో పిలవండి.

మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించండి, ఏటా మరవకండి.