నొప్పి లేదని ఊరుకోవద్దు
(బొంబాయి తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించి, బోనసు గురించి, ఇళ్ళ గురించి మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం. ఈ రోజు చెప్పబోయేది మన ఖోలీల్లో గుసగుసగా కూడా వినపడని విషయం. అది రొమ్ము క్యాన్సర్. సిగ్గుతో దాచుకునే జబ్బు కాబట్టే సభలో మాట్లాడవలసి వస్తున్నది. మగవాళ్ళు లేచిపోవద్దు. అరుదుగానైనా ఈ జబ్బు మగవారికీ వస్తుంది.

మొదటి సంగతి. ఈ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి ఉంటేనే జబ్బు అని మనకు అలవాటు. అందుకే పండుగకు ఊరికి పోయి వచ్చాక చూపించుకుందాం, పిల్ల పెళ్ళి అయ్యాక చూద్దాం అనుకుంటాం. సాంచా మీద పోగు తెగితే ఏం చేస్తాం? అప్పుడే ఆపి ముడి వేస్తాం. ఆపకపోతే తప్పు గజాల కొద్దీ బట్టలోకి పోతుంది. ఇదీ అంతే.

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం, మానని పుండు - ఇవీ గుర్తులు. ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు. కానీ ఆ మాట డాక్టరు చెప్పాలి, మనం కాదు.

వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. తల్లికో అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అయితే వంశంలో ఎవరికీ లేని వాళ్ళకే ఎక్కువగా వస్తున్నది. ఇది అంటుజబ్బు కాదు, పాపఫలం అంతకన్నా కాదు.

మన బొంబాయిలోనే జరిగిన ఒక పని వినండి. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో పేదల బస్తీల్లో ఒక పరిశోధన మొదలుపెట్టింది. 35 నుంచి 64 ఏళ్ళ స్త్రీలు లక్షన్నర మంది అందులో ఉన్నారు. సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేతితో పరీక్షించారు. పెద్ద యంత్రాలేమీ లేవు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షలు జరిగిన వారిలో జబ్బు ముదరక ముందే బయటపడింది. 50 ఏళ్ళు దాటిన వారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో మరణాలు అంతగా తగ్గలేదు. అయినా గడ్డ కనపడితే ఏ వయసులోనూ ఆగకూడదు.

డాక్టరు చేతితో చూసి, మామోగ్రఫీ, సోనోగ్రఫీ తీయిస్తారు. తరువాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. దాన్నే బయాప్సీ అంటారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్నది వట్టి మాట. తొందరగా తెలిస్తే చాలామందికి రొమ్మంతా తీయనక్కరలేదు, గడ్డ వరకే తీసి కరెంటు పెడతారు. అవసరాన్ని బట్టి కీమో మందులు ఇస్తారు. కొందరికి ఐదేళ్ళో, అంతకు మించో రోజూ మాత్రలు ఉంటాయి. నయమైనట్టుందని మధ్యలో మానవద్దు.

ఇక ఖర్చు. జీతంలో ఈ.ఎస్.ఐ. కోత పడుతున్న కార్మికుడి భార్యకు కూడా వైద్యం హక్కు. అది ఎవరి దయా కాదు, మన చందా. మిల్లు మూతపడి ఆ కార్డు పోయినవారు రేషన్ కార్డు తీసుకుని ఆసుపత్రిలో మహాత్మా ఫులే జన ఆరోగ్య యోజన గురించి అడగాలి. టాటాలో సాంఘిక సేవా విభాగం ఉంది, అక్కడా అడగండి.

ఆ ఆసుపత్రి 1941లో మన మిల్లుల నడుమనే వెలిసింది. అస్సాం నుంచి, బెంగాల్ నుంచి రోగులు వచ్చి దాని ముందు ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నారు. కామాటిపురా నుంచి మనకు బస్సు దూరం. ఇంత దగ్గర ఉండి ఆలస్యంగా పోవడం మనకు తగదు.

చివరిగా మగవాళ్ళకు ఒక మాట. ఇంటామె చెప్పేదాకా ఆగకండి. మీరే అడగండి. ఒక పాళీ కూలి పోయినా సరే, వెంట వెళ్ళండి. అక్కల్లారా, పక్క ఖోలీ ఆమె ఒంటరిగా పోవడానికి జంకితే మీరు తోడు పోండి. చాల్‌లో ఏ ఒక్కరూ గడ్డ దాచుకుని కూర్చోకుండా చూడడం మనందరి బాధ్యత.