సూదిమందు బలం, పరుగులో అమానత్
(బొల్లాపల్లి జుమా ప్రసంగం)



మనకు ప్రాణాన్నీ, కాళ్లలో శక్తినీ, గుండెలో విశ్వాసాన్నీ ప్రసాదించిన అల్లాహ్‌కు సమస్త స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిపైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! కొద్దిరోజుల క్రితం ఇషా నమాజు ముగిసిన తరువాత ఒక యువకుడు మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. అతని పేరు చెప్పము. ఇది అతనొక్కడి విషయం కాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు సాధన చేస్తున్నాడు. 1600 మీటర్ల పరుగులో ప్రతిసారీ కొద్ది సెకన్లు వెనుకబడుతున్నాడట. పట్టణంలో వ్యాయామశాలకు వెళ్లే స్నేహితుడొకడు అతని చేతికి ఒక చిన్న మందుసీసా ఇచ్చాడు. "హజ్రత్, ఇది సారా కాదు, గంజాయి కాదు. దీనితో మత్తు రాదు, బలం వస్తుంది. ఇది హరామ్ ఎలా అవుతుంది?" అని అడిగాడు. ఆ రాత్రి "వద్దు బేటా" అని మాత్రమే చెప్పి పంపించాము. అది పూర్తి సమాధానం కాదు. అడిగినవాడికి కారణం తెలుసుకునే హక్కు ఉన్నది. కనుక ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాము. బలాన్ని కోరుకోవడం తప్పు కాదు. బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. వారు హజ్రత్ ఆయిషా (రజి) గారితో పరుగుపందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరొకసారి వారు గెలిచారు. మదీనాలో గుర్రపు పందేలు జరిపించారు. ఆ పందేలను గురించి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపిన వివరాన్ని జాగ్రత్తగా గమనించండి. శిక్షణ ఇచ్చి సన్నబరచిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు దూరమైన పందెం పెట్టారు. శిక్షణ లేని గుర్రాలకు సనియ్యా నుండి బనీ జురైఖ్ మస్జిదు వరకు దగ్గరి పందెం వేరుగా పెట్టారు. ఎందుకు? సమానమైన వాటి మధ్య జరిగితేనే అది పందెం. నోరులేని గుర్రాల విషయంలోనే ఇంత న్యాయం పాటించినప్పుడు, తల్లిదండ్రుల ఆశలు మోస్తూ పరుగెత్తే మనుషుల మధ్య ఎంత న్యాయం ఉండవలెనో ఆలోచించండి.

ఇక ఆ సీసాలోని సంగతి. స్టెరాయిడ్లు అని పిలిచే కండల మందులు శరీరంలో సహజంగా పుట్టే పురుష హార్మోనుకు కృత్రిమ రూపాలు. వైద్యులు వాటిని కొన్ని వ్యాధులకు, కొలత ప్రకారం, పరీక్షలు చేస్తూ ఇస్తారు. ఆరోగ్యవంతుడు కండల కోసం ఎక్కించుకుంటే శరీరం తన సొంత హార్మోనును తయారుచేయడం తగ్గించివేస్తుంది. గుండె కండరం మందమవుతుంది, రక్తంలో చెడు కొవ్వు పెరుగుతుంది, కాలేయం దెబ్బతింటుంది, సంతానశక్తి క్షీణిస్తుంది. మానివేసిన తరువాత మనసు కుంగిపోతుంది. హైదరాబాద్ వంటి నగరాలలో వ్యాయామశాలల చుట్టూ దొంగచాటుగా అమ్ముడవుతూ పోలీసులకు చిక్కిన మెఫెంటర్మిన్ అనే సూదిమందు మరొక రకం. అది ఆపరేషను బల్లమీద రక్తపోటు పడిపోయిన రోగికి వైద్యుడు ఇచ్చే మందు. ఆరోగ్యవంతుడైన యువకుడు దానిని ఎక్కించుకొని పరుగెత్తితే గుండెపై ఎంత భారం పడుతుందో వేరుగా చెప్పనవసరం లేదు. ఈ దేహం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అమానత్‌ను పాడుచేసి తిరిగి అప్పగించేవాడు ఏమని సంజాయిషీ ఇస్తాడు?

అయితే సోదరులారా, ఆరోగ్యానికి హాని అనేది సగం జవాబు మాత్రమే. హాని లేని మందు దొరికితే తీసుకోవచ్చునా అని ఆ యువకుడు మళ్లీ అడుగుతాడు. కాబట్టి మిగిలిన సగం వినండి.

దైవప్రవక్త (స) ఒకనాడు మదీనా బజారులో ధాన్యపు రాశి ప్రక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్నది, లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినదానిని జనులకు కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని వారు ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. మిరప పండించే మన పల్నాడు వారికి ఈ హదీసును విడమరచి చెప్పవలసిన పని లేదు. కాయ మీద నీళ్లు చల్లి తూకం పెంచడం, బస్తా అడుగున తాలుకాయలు వేసి పైన ఎర్రని కాయలు పరచడం ఏమిటో మనకందరికీ తెలుసు. నీళ్లు హరామ్ కావు, తాలుకాయా హరామ్ కాదు, దాచి అమ్మడం హరామ్. సూదిమందు ఎక్కించుకొని మైదానంలో నిలబడినవాడు తన శరీరానికి నీళ్లు చల్లి తూకానికి తెచ్చినవాడే. తూనికలలో మోసం చేసేవారిని ఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ అనే సూరాలో తీవ్రంగా హెచ్చరించినది. గడియారం పట్టి కొలిచే పరుగు కూడా ఒక తూనికే.

ఈ మోసంలో నష్టపోయేది ఎవరు? దీనికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాము. అక్కడ బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. మన క్రికెట్ వలె ఒకరు బంతి విసురుతారు, ఒకరు బ్యాటుతో కొడతారు. 1998లో ఒక్క ఏడాదిలో 70 హోమ్ రన్లు కొట్టి దేశమంతటి ప్రశంసలు పొందిన మార్క్ మెగ్వయర్, తాను స్టెరాయిడ్లు వాడినట్లు 2010లో స్వయంగా ఒప్పుకున్నాడు. 2007లో వెలువడిన మిచెల్ నివేదికలో 89 మంది ఆటగాళ్ల పేర్లు వచ్చాయి. ఇవి పెద్దపెద్ద పేర్లు. మేము చెప్పదలచినది అంత పెద్ద పేరు కాని డాన్ నాల్టీ గురించి. 1994లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ జట్టులో బంతి విసిరే నలుగురు యువకులు కలిసి ఆడేవారు. నలుగురికీ ఒకటే ఆశ, పై స్థాయి జట్టులోకి చేరడం. ముగ్గురు మందు ముట్టలేదు. నాల్టీ ముట్టాడు. ఆ నలుగురిలో పై మెట్టు ఎక్కినవాడు అతనొక్కడే. 1999లో విజేతగా నిలిచిన జట్టులోనూ ఉన్నాడు. కానీ ఆ గెలుపు అతనికి శాంతిని ఇవ్వలేదు. ఆట విడిచిపెట్టి, తరువాతి కాలంలో తన తప్పును బహిరంగంగా అంగీకరించి, తనవలన స్థానం కోల్పోయినవారి పట్ల పశ్చాత్తాపం ప్రకటించాడు. అతడు మన ధర్మానుయాయి కాడు. అయినా మనం హుఖూఖుల్ ఇబాద్ అని పిలిచే దాసుల హక్కుల బరువును అతని మనసు గుర్తించినది.

యువకులారా! మైదానంలో మీ ప్రక్కన పరుగెత్తేవాడు కూడా ఒక కూలీ కొడుకే కావచ్చును. అతని తల్లి కూడా ఎండలో మిరపకాయలు కోసి అతనికి బూట్లు కొని ఉండవచ్చును. మీరు మందు బలంతో అతనిని దాటితే, అతని ఇంటి దీపాన్ని మీ ఇంటికి తెచ్చుకున్నట్లే. నమాజు తప్పిపోతే ఖజా చేసుకోవచ్చును. కానీ పేరు కూడా తెలియని ఆ మనిషిని ఎక్కడ వెదకి క్షమాపణ అడుగుతారు?

మరి నిజంగా జబ్బుపడిన ఆటగాడు ఏమి చేయవలెను? క్రీడల నియమాలలో దానికి దారి ఉన్నది. వైద్యుని పత్రం చూపి ముందుగా అనుమతి పొందవచ్చును. రోగికీ ప్రయాణికునికీ షరీఅత్ ఉపవాసంలో సడలింపు ఇచ్చినట్లే ఇదీ. అయితే అజాగ్రత్త పనికిరాదు. ప్రముఖ క్రికెట్ ఆటగాడు యూసుఫ్ పఠాన్ 2017లో జరిగిన పరీక్షలో టెర్బ్యుటలిన్ అనే పదార్థంతో పట్టుబడ్డాడు. అది దగ్గుమందులో ఉండే పదార్థం. పొరపాటున తీసుకున్నాడని క్రికెట్ బోర్డు నమ్మినప్పటికీ ఐదు నెలల నిషేధం తప్పలేదు. నోటిలోకి వెళ్లేది ఏమిటో తెలుసుకోవడం మన బాధ్యత. 2022లో మన దేశం డోపింగ్ నిరోధానికి ప్రత్యేక చట్టమే చేసుకున్నది. అయినా 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాలలో 213 దోషపూరితమైనవిగా తేలాయి. చట్టం ఒక్కటే చాలదని ఈ లెక్క చెబుతున్నది.

ఒక సులభమైన గీటురాయి ఉన్నది. ఏది మనసులో గుచ్చుకుంటుందో, ఏది జనులకు తెలియడం నీకు ఇష్టముండదో అదే పాపమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ యువకుడు సీసాను రుమాలులో చుట్టి తెచ్చాడు. కోడిగుడ్లూ శనగలూ తెచ్చుకునేవాడు వాటిని రుమాలులో దాచడు కదా!

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "ఎట్లా అయినా సరే ఉద్యోగం తెచ్చుకో" అని బిడ్డతో అనకండి. ఆ "ఎట్లా అయినా" అనే మాటలోనే సీసా ఉన్నది. దైవప్రవక్త (స) వారి ఒంటె అజ్బా ఏ పందెంలోనూ ఓడేది కాదు. ఒక పల్లెవాసి ఒంటె దానిని దాటినప్పుడు సహాబాలకు కష్టం తోచింది. లోకంలో పైకి లేచిన దేనినైనా క్రిందికి దించడం అల్లాహ్ విధానమని వారు ఓదార్చారు. ఓడిన ఒంటె యజమాని దైవప్రవక్త! వారికి లేని నామోషీ మనకెందుకు? ఓడి ఇంటికి వచ్చిన బిడ్డకు ముందు అన్నం పెట్టండి, తరువాత మాట్లాడండి.

ఇప్పటికే తప్పు చేసినవారు నిరాశపడవద్దు. తౌబా ద్వారం తెరచి ఉన్నది. వెంటనే మానివేయండి, శరీరాన్ని వైద్యునికి చూపించండి, మళ్లీ ఆ దారిన వెళ్లమని సంకల్పించండి. ఆ మోసంతో ఉద్యోగం పొందినవారు మోసపు పాపానికి అల్లాహ్ ముందు కన్నీరు కార్చి, ఆ పనిని పూర్తి నిజాయితీతో చేయండి. మీ కారణంగా వెనుకబడినవారి వంటి పేద అభ్యర్థులకు చేయూతనివ్వండి.

ఆ రాత్రి వచ్చిన బిడ్డ ఈ వరుసలలో ఎక్కడో కూర్చొని ఉన్నాడనుకుంటాము. బేటా, కొద్ది సెకన్లు ఆలస్యంగా చేరినా నీ కాళ్లతో నీవే చేరు. రేపు ఫజ్ర్ తరువాత నీవు పరుగుకు బయలుదేరేటప్పుడు మేమూ మైదానం గట్టున నిలబడి నీకోసం దుఆ చేస్తాము.

ఓ అల్లాహ్! మా యువకులకు హలాల్ బలాన్నీ, హలాల్ జీవనోపాధినీ ప్రసాదించు. గెలుపులో వినయాన్నీ, ఓటమిలో సహనాన్నీ అనుగ్రహించు. మా తూనికలనూ, మా మాటలనూ, మా దేహాలనూ మోసం నుండి కాపాడు. ఆమీన్.